ప్రశ్నలు – జవాబులు: ముస్లిం సమాజాల్లో స్త్రీలకు రాజకీయ శిక్షణ

ముస్లింలు అధికంగా ఉన్న దేశాల్లో స్త్రీలను చట్టసభలకు, స్థానిక సంస్థలకు సిద్ధం చేసే శిక్షణ గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, వాటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: బేనజీర్ భుట్టో, ఖాలిదా జియా, షేక్ హసీనా, మెగావతి వంటి వారు ప్రధానులు, అధ్యక్షులు కాగలిగినప్పుడు అక్కడి స్త్రీలకు నాయకత్వంలో ప్రత్యేకంగా శిక్షణ ఎందుకు? వారికి ఎవరూ తరగతులు పెట్టలేదు కదా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: తరగతులు పెట్టి ఎవరూ నేర్పలేదన్నది నిజమే. అయితే వారికి శిక్షణే అందలేదనుకోవడం సరికాదు. పాకిస్థాన్ అధ్యక్షుడు జుల్ఫికర్ అలీ భుట్టో 1972లో భారత్‌తో సిమ్లా చర్చలకు వచ్చినప్పుడు, కళాశాలలో చదువుకుంటున్న కూతురిని వెంటబెట్టుకొని వచ్చారు. దేశాధినేతల మధ్య మాట ఎలా నడుస్తుందో, ఒప్పందం మీద సంతకం పడేముందు ఎంత తర్జనభర్జన ఉంటుందో బేనజీర్ పంతొమ్మిదేళ్ల వయసులోనే దగ్గర నుంచి చూశారు. మెగావతి ఇండొనేషియా తొలి అధ్యక్షుడు సుకర్ణో కూతురు. హసీనా తండ్రి బంగ్లాదేశ్ వ్యవస్థాపక నేత షేక్ ముజీబుర్ రెహమాన్, ఖాలిదా జియా భర్త అదే దేశానికి అధ్యక్షుడిగా పనిచేసిన జియావుర్ రెహమాన్. నిర్బంధాలనూ ప్రవాసాన్నీ భరించి 1988 డిసెంబరులో ప్రధాని అయిన బేనజీర్ ధైర్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పార్టీ యంత్రాంగం, జనం గుర్తుపట్టే ఇంటిపేరు, కార్యకర్తలు, డబ్బు వీరికి వారసత్వంగానే దొరికాయి. 1993లో టర్కీ ప్రధాని అయిన ఆర్థికశాస్త్ర ఆచార్యురాలు తన్సు చిల్లర్ వంటి వారు ఈ వరుసలో మినహాయింపు.

ఒక్కరు శిఖరానికి చేరితే మిగతావారికి దారి తెరుచుకుంటుందన్న ఆశ కూడా అంతగా నెరవేరలేదు. 1991 తర్వాత దాదాపు మూడు దశాబ్దాల పాటు స్త్రీలే ప్రధానులుగా ఉన్న బంగ్లాదేశ్‌లో, నేరుగా ఎన్నికలు జరిగే 300 పార్లమెంటు స్థానాల్లో స్త్రీలు పదో వంతు కూడా గెలవలేకపోయారు. రాజకీయ కుటుంబం లేని ఒక నర్సుకో, పల్లెటూరి పంతులమ్మకో ఆ ఇళ్లలో సహజంగా అబ్బిన విద్యను, పరిచయాలను, అలవాటును బయట నుంచి అందించే ప్రయత్నానికే శిక్షణ అని పేరు. నా దృష్టిలో దాని అవసరం అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: ఈ శిబిరాల్లో నిజంగా ఏం నేర్పుతారు? వేదిక మీద ధైర్యంగా మాట్లాడటమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఉపన్యాసం అందులో చిన్న భాగం మాత్రమే. ఈ రంగంలో చాలామంది అనుసరించిన ఒక పద్ధతిని ముందు చెబుతాను. 1970లలో ఇరాన్ ప్రభుత్వంలో మహిళా వ్యవహారాల మంత్రిగా పనిచేసి, 1979 విప్లవం తర్వాత ప్రవాసంలో ఉండిపోయిన మహ్నాజ్ అఫ్ఖామీ 2000లో ‘విమెన్స్ లెర్నింగ్ పార్ట్‌నర్‌షిప్’ అనే సంస్థను నెలకొల్పారు. మొరాకో, జోర్డాన్, నైజీరియా వంటి దేశాల్లోని మహిళా సంఘాలతో కలిసి ఆ సంస్థ తయారుచేసిన శిక్షణలో పాఠం చెప్పే గురువు అంటూ ఎవరూ ఉండరు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, ఒక సంఘటనను చదువుతారు, ‘ఆమె స్థానంలో మీరుంటే ఏం చేస్తారు’ అన్న ప్రశ్నతో చర్చ మొదలవుతుంది. నిర్వాహకురాలు చర్చను నడిపిస్తారే గాని తీర్పు చెప్పరు. నాయకత్వమంటే పదవి అన్న భావనను పక్కనపెట్టి, పదిమందిని కలుపుకొని ఒక నిర్ణయానికి రాగలగడమే నాయకత్వమని అనుభవంలోంచి తెలుసుకునేలా చేయడం వారి ఉద్దేశం. పెద్దల ముందు నోరు విప్పకపోవడమే మర్యాద అని నేర్చుకుంటూ పెరిగిన స్త్రీకి, తన మాటను ఇరవై మంది శ్రద్ధగా విని, దానిమీద వాదించి, చివరికి ఒప్పుకోవడం అదే మొదటిసారి కావచ్చు. దాని విలువ బయటివారికి అంత సులభంగా బోధపడదు.

అయితే అక్కడితో ఆగిపోయే శిక్షణ సగం శిక్షణే. గెలిచిన మర్నాటి నుంచి ఆమెకు ఎదురయ్యేవి వేరే రకం చిక్కులు. బంగ్లాదేశ్‌లో గ్రామ స్థాయి స్థానిక సంస్థలైన యూనియన్ పరిషత్తుల్లో 1997 నుంచి మూడు రిజర్వుడు స్థానాలకు నేరుగా ఎన్నికలు జరుగుతున్నాయి, ఆ ఏడాది ఒక్కసారే 12 వేలకు పైగా స్త్రీలు సభ్యులయ్యారు. తొమ్మిది వార్డులున్న పరిషత్తులో జనరల్ సభ్యుడిది ఒక వార్డు, రిజర్వుడు సీటు నుంచి గెలిచిన స్త్రీది మూడు వార్డులు. ఆమె తిరగాల్సిన ఇళ్లు, వినాల్సిన ఫిర్యాదులు మూడింతలు. అదే మూడు వార్డుల్లో మరో ముగ్గురు సభ్యులు కూడా ఉంటారు కాబట్టి ఏ పని ఎవరిదన్న వివాదం మొదటి రోజే వస్తుంది. ‘మీ బాధ్యతలు ఇవి’ అని కాగితం చేతికిచ్చి పంపితే ఆమె చేయగలిగింది ఏమీ ఉండదు. ఏ స్థాయీ సంఘంలో తనకు చోటు దక్కాలో, దానిని ఏ నిబంధన కింద అడగాలో తెలిసి ఉంటేనే పని మొదలవుతుంది.

అందుకే మంచి శిబిరాల్లో నిరుటి బడ్జెట్ ప్రతిని అందరి చేతుల్లో పెడతారు. జీతాలకు, పాత బకాయిలకు పోయే మొత్తాన్ని ముందు గీత గీసి వేరు చేయమంటారు. మిగిలిన డబ్బులో రోడ్డుకెంత, నీటికెంత, బడికెంత అన్నది ఎవరికి వారే లెక్క వేస్తారు. ఆ లెక్కలోంచి ఒకే ఒక ప్రశ్న తయారుచేసి, అధ్యక్షుడి పాత్రలో కూర్చున్న వ్యక్తిని నిలదీస్తారు. ఆయన మాటకు అడ్డం వస్తాడు, నవ్వుతాడు, ‘అమ్మా, ఇది తర్వాత చూద్దాం’ అంటాడు. అడ్డుపడినా గొంతు పెంచకుండా ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి చెప్పడం, జవాబు రాకపోతే ఆ సంగతిని సమావేశపు మినిట్స్‌లో రాయించడం – ఈ రెండూ నాలుగైదుసార్లు చేయిస్తారు. తీర్మానాల పుస్తకాన్ని ఇంటికి పంపి ‘ఇక్కడ సంతకం పెట్టండి’ అనే అలవాటు ఉన్న చోట్ల, చదవకుండా సంతకం పెట్టకపోవడం, ఒప్పుకోని తీర్మానం పక్కన అభ్యంతరం రాయడం నేర్పుతారు. వేదిక మీద అరగంట మాట్లాడటం కన్నా ఇది కష్టమైన విద్య అని నా నమ్మకం.

శిబిరం పెట్టే వేళ, చోటు కూడా పాఠంతో సమానమే. పసిపిల్లల్ని చూసుకునే మనిషి లేని చోటికి తల్లులు రాలేరు. రాత్రి బస కావాలంటే ఇంట్లో అనుమతి దొరకదు. వెంట వచ్చిన అన్నకో అత్తగారికో కూర్చోవడానికి మర్యాదగా ఒక గది చూపిస్తే, మరుసటి శిబిరానికి ఆ ఇంటి నుంచి అభ్యంతరం రాకపోవచ్చు.

ప్రశ్న: స్త్రీ పాలనను ఇస్లాం ఒప్పుకోదని కొందరు, ఒప్పుకుంటుందని కొందరు అంటారు. శిక్షణ ఇచ్చేవారు ఈ ప్రశ్నను దాటవేస్తారా?
– ఒక పాఠకురాలు

జవాబు: దాటవేసే శిక్షణ నిలబడదు, ఎందుకంటే అభ్యర్థి గుమ్మంలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడగనే అడుగుతారు. ‘తమ వ్యవహారాన్ని స్త్రీకి అప్పగించిన జాతి బాగుపడదు’ అన్న హదీసును, అంటే ప్రవక్త చెప్పినట్టు నమోదైన మాటను, వ్యతిరేకులు ఉటంకిస్తారు. పర్షియన్లు తమ చక్రవర్తి కూతురిని సింహాసనం ఎక్కించారన్న వార్త విన్న సందర్భంలో వచ్చిన మాట అది, ఆ ఒక్క సందర్భానికే వర్తిస్తుంది అని వాదించే పండితులున్నారు. మొరాకో సామాజిక శాస్త్రవేత్త ఫాతిమా మెర్నిస్సీ 1980లలో ఇంకొంత ముందుకు వెళ్లి, ఆ మాటను గుర్తుచేసుకొని చెప్పిన వ్యక్తి ఎవరు, ఏ రాజకీయ పరిస్థితిలో చెప్పారు అన్న కోణంలో పరిశీలించారు. ఖుర్ఆన్‌లో షేబా రాణి ప్రస్తావన ఉంది. సులైమాన్ (సొలొమోను) రాజు లేఖ అందగానే సభను పిలిచి, ‘మీరు లేకుండా నేను ఏ నిర్ణయమూ చేయను’ అని చెప్పిన పాలకురాలిగా ఆమె కనిపిస్తారు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది హుదైబియా ఘట్టం. క్రీ.శ. 628లో మక్కావారితో సంధి కుదిరాక, యాత్ర పూర్తికాకుండానే వెనుదిరగాల్సి వచ్చిందన్న బాధతో అనుచరులు బలి ఇవ్వడానికీ తల గొరిగించుకోవడానికీ కదలలేదు. ప్రవక్త గుడారంలోకి వచ్చి భార్య ఉమ్మె సలమాకు ఆ సంగతి చెప్పారు. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా బయటికి వెళ్లి మీ బలి మీరు ఇవ్వండి, మీ తల మీరు గొరిగించుకోండి అని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు, చూసిన వారంతా లేచి అనుసరించారు. ఒక సంక్షోభంలో జనం మనసును సరిగ్గా అంచనా వేసిన రాజకీయ వివేకం అది. ఈ ఘట్టం తెలిసిన అభ్యర్థికి గుమ్మంలో జవాబు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఆధునిక కాలంలోనూ పట్టింపులు అవసరాన్ని బట్టి సడలిన ఉదాహరణలున్నాయి. 1965 జనవరిలో జరిగిన పాకిస్థాన్ అధ్యక్ష ఎన్నికల్లో అయూబ్ ఖాన్‌కు పోటీగా ఫాతిమా జిన్నా నిలబడినప్పుడు, మౌదూదీ నాయకత్వంలోని మత పార్టీ జమాతె ఇస్లామీ ఆమెనే సమర్థించింది. ఇండొనేషియాలో 2017 ఏప్రిల్‌లో చిరెబోన్ నగరం దగ్గరి ఒక మత పాఠశాలలో మహిళా ఉలేమాలు (మత పండితులు) మహాసభ జరిపి బాల్య వివాహాలు సహా మూడు అంశాల మీద ఫత్వాలు వెలువరించారు. 2019లో ఆ దేశ పార్లమెంటు ఆడపిల్లల కనీస వివాహ వయసును 16 నుంచి 19కి పెంచింది. చట్టం మారడానికి ఇంకా ఎందరో కృషి చేశారు, కోర్టు తీర్పు ఉంది. అయినా, మత భాషలోనే మత వాదానికి జవాబు చెప్పగలిగిన స్త్రీలు ఉండటం ఆ సంస్కరణకు పెద్ద బలమైంది. శిక్షణ కార్యక్రమాలు న్యాయవాదులతో పాటు ఇలాంటి పండితురాళ్లను కూడా పిలవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ప్రశ్న: ముందు రిజర్వేషన్ కావాలా, ముందు శిక్షణ కావాలా? అర్హత లేనివారికి సీటు ఇస్తే ఏం లాభం?
– ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: అర్హత పరీక్ష మగ అభ్యర్థులకు ఎవరూ పెట్టరు, కాబట్టి ఆ మాటను ముందుగా పక్కన పెడదాం. ముందు సీటు రావాలనే నా అభిప్రాయం. మొరాకోలో 1997 ఎన్నికల్లో పార్లమెంటుకు గెలిచిన స్త్రీలు ఇద్దరే. 2002లో పార్టీల అంగీకారంతో 30 స్థానాల జాతీయ జాబితాను స్త్రీలకు వదిలేసరికి 35 మంది వచ్చారు. 2003 స్థానిక ఎన్నికల్లో నూటికి ఒక్కరు కూడా లేని స్త్రీలు, ప్రత్యేక స్థానాలు వచ్చిన 2009లో మూడు వేలు దాటారు. అంతమంది ఒక్కసారి కౌన్సిళ్లలోకి అడుగుపెట్టినప్పుడే శిక్షణకు నిజమైన గిరాకీ పుట్టింది. పోటీ చేసే చోటు కనిపించనప్పుడు పెట్టిన శిబిరంలో నేర్చుకున్నదంతా ఇంటికి చేరేలోపు ఆవిరైపోతుంది.

అయితే సీటు ఇచ్చే చట్టంలోని మెలికలు తెలియకపోతే ఆ సీటు చేజారిపోతుంది. ట్యునీషియా ఉదాహరణ ఇందుకు బాగా పనికొస్తుంది. 2011లో అక్కడ ప్రతి పార్టీ జాబితాలో స్త్రీ, పురుషుల పేర్లు ఒకటి విడిచి ఒకటి ఉండాలన్న నియమం వచ్చింది. పేర్లు సగం సగం ఉన్నా, అత్యధిక జాబితాల్లో మొదటి పేరు మగవారిదే. చాలా పార్టీలకు ఒక నియోజకవర్గంలో ఒక్క సీటే దక్కడంతో ఆ ఒక్కటీ పై పేరుకు పోయింది, సభలో స్త్రీలు నాలుగో వంతు దగ్గరే ఆగిపోయారు. ఈ కిటుకు గ్రహించిన మహిళా సంఘాలు పట్టుబట్టడంతో, 2018 మునిసిపల్ ఎన్నికల నాటికి ఒక పార్టీ నిలబెట్టే జాబితాల్లో సగానికి స్త్రీలే మొదటి పేరుగా ఉండాలన్న నియమం కూడా చేరింది. ఫలితంగా కౌన్సిలర్లలో నూటికి 47 మంది స్త్రీలు. ట్యూనిస్ నగరానికి సువాద్ అబ్దుర్రహీం తొలి మహిళా మేయరయ్యారు. 2022లో జాబితాల పద్ధతే తీసేసి, ఒక్కో నియోజకవర్గానికి ఒక్కో అభ్యర్థి అన్న చట్టం తెచ్చారు, సమానత్వ నియమం పోయింది, ఆ ఎన్నికల్లో పార్లమెంటులో స్త్రీల వాటా దారుణంగా పడిపోయింది. ఎన్నికల చట్టాన్ని క్లాజు క్లాజుగా చదివించడం శిక్షణలో ఎందుకు భాగం కావాలో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేను.

సెనెగల్ జనాభాలో నూటికి 95 మంది ముస్లింలు. 2010లో సమాన సంఖ్య చట్టం చేసి, 2012లో పార్లమెంటులో స్త్రీల వాటాను 40 శాతం దాటించింది. అదే దేశంలో, మురీదు సూఫీ శాఖకు పవిత్ర నగరమైన తూబాలో 2014 స్థానిక ఎన్నికలకు మగవారి పేర్లతోనే జాబితా దాఖలైంది. చట్టం, దాని అమలు ఎప్పుడూ ఒకే వేగంతో నడవవు. పాకిస్థాన్ 2017 ఎన్నికల చట్టంలో, ఒక నియోజకవర్గంలో పోలైన ఓట్లలో స్త్రీలవి 10 శాతం కన్నా తక్కువైతే ఎన్నికను రద్దు చేసే అధికారం కమిషన్‌కు ఇచ్చారు. 2018లో ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలోని షాంగ్లా జిల్లాలో ఒక అసెంబ్లీ స్థానానికి జరిగిన పోలింగ్‌ను నిజంగానే రద్దు చేసి మళ్లీ జరిపించారు. స్త్రీలు ఓటు వేయకూడదని పెద్దలు కూర్చొని ఒప్పందం చేసుకునే చోట ఆ సీటే గాలిలో వేలాడుతుందని తేలడంతో, వారిని పోలింగ్ బూత్‌కు రప్పించడం మగ అభ్యర్థులకే అవసరమైంది.

ప్రశ్న: మగవారికి కూడా శిక్షణ ఇవ్వాలంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: తప్పకుండా, అదీ ముఖ్యంగా పార్టీ టికెట్లు పంచే వారికి. కువైట్‌లో రాజకీయమంతా దీవానియా అనే చోట నడుస్తుంది. సాయంత్రాలు పెద్దల ఇళ్ల ముందరి గదుల్లో మగవారు చేరి మాట్లాడుకునే సభ అది. 2024లో పార్లమెంటును రద్దు చేసే వరకు, ఎన్నికల్లో ఎవరిని బలపరచాలో అక్కడే తేలేది. అందులోకి అభ్యర్థినిని పిలిచి కూర్చోబెట్టే మగవాడు ఒక్కడు లేకపోతే, ఆమె ఎంత చక్కగా మాట్లాడగలిగినా వినేవారు ఉండేవారు కాదు. 2015లో సౌదీ అరేబియా స్త్రీలు మునిసిపల్ ఎన్నికల్లో తొలిసారి పోటీ చేసినప్పుడు, మగ ఓటర్లతో నేరుగా మాట్లాడే వీలు లేక, తెర వెనుక నుంచి మాట్లాడటమో, తమ తరఫున మగ ప్రతినిధిని పంపడమో చేయాల్సి వచ్చింది. ఆ ప్రతినిధికి ఆమె ఆలోచన ఎంత తెలుసన్న దాని మీదే ఆమె ప్రచారం ఆధారపడింది.

ప్రశ్న: అఫ్ఘానిస్థాన్‌లో ఇరవై ఏళ్లు శిక్షణలిచ్చారు. చివరికి ఏమైంది? అదంతా వృథాయే కదా?
– ఒక న్యాయవాది

జవాబు: మీ ప్రశ్నలోని ఆవేదన నాకూ ఉంది. 2004 రాజ్యాంగం కింద 249 మంది దిగువ సభలో 68 స్థానాలు స్త్రీలకు ఉండేవి. 2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగి వచ్చాక ఆ సభే లేదు. మహిళా వ్యవహారాల మంత్రిత్వ శాఖను మూసి, ఆ భవనాన్ని నీతి ప్రచార శాఖకు అప్పగించారు. దేశం విడిచి వెళ్లకుండా కాబూల్‌లోనే ఉండిపోయిన మాజీ ఎంపీ ముర్సల్ నబీజాదాను 2023 జనవరిలో ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. ఇంత జరిగాక కూడా శిక్షణ వృథా అనలేను. తుపాకులు చుట్టూ ఉన్నా ‘రొట్టె, పని, స్వేచ్ఛ’ అంటూ కాబూల్ వీధుల్లోకి వచ్చింది ఆ ఇరవై ఏళ్లలో చదువుకొని, ఉద్యోగాలు చేసి, సంఘాలు పెట్టుకున్న స్త్రీలే. తప్పు శిక్షణది కాదు. ఆ స్త్రీల భవిష్యత్తును తేల్చిన 2020 దోహా ఒప్పందం అమెరికాకు, తాలిబన్లకు మధ్య జరిగింది, అందులో అఫ్ఘాన్ ప్రభుత్వానికే చోటు లేదు, ఇక స్త్రీల మాట చెప్పేదేముంది.

ప్రశ్న: శిక్షణ పొంది, అప్పు చేసి పోటీ చేసి ఓడిపోయిన స్త్రీల సంగతేమిటి? వారిని ఎవరు పట్టించుకుంటారు?
– ఒక స్వచ్ఛంద కార్యకర్త

జవాబు: చాలా కార్యక్రమాలు ఎన్నికల ఫలితం రోజున ముగిసిపోతాయి, అదే వాటిలోని అతి పెద్ద లోపం. జోర్డాన్‌లో తూజాన్ అల్ ఫైసల్ 1989లో ఓడి, 1993లో గెలిచి ఆ దేశ పార్లమెంటుకు ఎన్నికైన తొలి మహిళ అయ్యారు. ఇండొనేషియాలోని తూర్పు జావా గవర్నర్ పదవికి ఖోఫిఫా ఇందర్ పరవన్స 2008లో ఓడారు, 2013లో మళ్లీ ఓడారు, 2018లో గెలిచారు. ఆ పదేళ్లూ ఆమె వెనుక ముస్లిమాత్ నహ్‌దతుల్ ఉలేమా ఉంది. 1946లో పుట్టిన ఆ మహిళా సంఘానికి ఊరూరా శాఖలు, మత బోధన సభలు, బడులు, ఆసుపత్రులు ఉన్నాయి. ఓడిన రోజున కూడా ఆమె ఆ సంఘానికి అధ్యక్షురాలే. జమాఖర్చులు రాయడం, సభ నడపడం, తగవు తీర్చడం వంటివన్నీ సభ్యులు ఏటా అక్కడే నేర్చుకుంటారు. ఎన్నికల ముందు పెట్టే మూడు రోజుల శిబిరం ఇందులో పదో వంతు కూడా ఇవ్వలేదు.

కువైట్ స్త్రీలకు 2005 మే నెలలో ఓటు హక్కు వచ్చింది. 2006లో, 2008లో ఒక్కరూ గెలవలేదు, 2009లో నలుగురు గెలిచారు. 2012 ఫిబ్రవరిలో మళ్లీ ఒక్కరూ లేరు. మీ సంస్థ ఇలాంటి శిక్షణలో పాలుపంచుకుంటున్నట్లయితే, ఫలితాలు వచ్చిన నెలలోపే ఓడిన వారందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. బూత్‌ల వారీగా వచ్చిన ఓట్ల కాగితాలు, ఖర్చుల రసీదులు తీసుకురమ్మనండి. ఏ వీధిలో ఎవరు తలుపు తెరిచారో, మాట ఇచ్చి తప్పింది ఎవరో వారికి గుర్తుండగానే రాయించండి. తర్వాతి ఎన్నికల అభ్యర్థుల జాబితాను పార్టీలు తయారుచేసేది ఏ నెలలోనో ఆరోజే తెలుసుకొని, అంతకు ఆరు నెలల ముందు తేదీకి రెండో సమావేశం పెట్టండి.